ఈ విండో ఎవరిది? పాసుపుస్తకం ఒకరి పేర, సాగు ఇంకొకరిది

దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో మిల్లు గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. కాటా గదిలో గుమస్తా బండి నంబరు కొడుతుంటాడు. ఏపీ 39 దాకా తెర మీద పడుతుంది, మిగతాది పడదు. మధ్యలో ఒక నల్ల విండో తళుక్కుమని మాయమవుతుంది. కొట్టిన అక్షరాలు దాని పాలవుతాయి. అరగంటకి మళ్లీ అదే. గుమస్తా చూసుకోకుండా ఎంటర్ కొట్టాడా, సగం నంబరుతోనే కాటా చీటీ వచ్చేస్తుంది. దాన్ని రద్దు చేసి మళ్లీ తూకం వేయాలంటే వెనక బండి డ్రైవరు హారన్ ఆపడు.

భీమవరంలో ఇంటర్నెట్ సెంటరైనా, అమలాపురంలో కొబ్బరి కొట్టు లెక్కల కంప్యూటరైనా, పాలకొల్లులో పెళ్లిపత్రికలు డిజైన్ చేసే డీటీపీ షాపైనా ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చాలామంది చేసే పని ఒకటే: టాస్క్ మేనేజర్ తెరిచి, పేరు అనుమానంగా కనిపించిన ప్రతిదానికీ ఎండ్ టాస్క్ కొట్టేయడం. పేరు చూసి చంపితే చాలాసార్లు చచ్చేది అమాయకుడే. ముందు ఆ విండో ఏ ప్రాసెస్‌దో, అంటే నడుస్తున్న ఏ ప్రోగ్రామ్‌దో, రుజువు చూడాలి. ఆ రుజువు విండోస్ దగ్గరే ఉంటుంది, అడిగే పద్ధతి తెలియాలంతే.

విండోస్‌లో తెర మీది ప్రతి విండోకీ హ్యాండిల్ అనే ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని ఏ ప్రాసెస్‌లోని ఏ థ్రెడ్ (ప్రాసెస్ లోపల నడిచే ఒక పని పాయ) పుట్టించిందో ఆ సంఖ్య పక్కనే రాసి ఉంటుంది. ఈ రాత విండో బతికున్నంతకాలం మారదు. ఒక థ్రెడ్ పుట్టించిన విండోని ఇంకో థ్రెడ్ డిస్ట్రాయ్ చేయలేదు, దానికొచ్చే మౌస్ క్లిక్కులు, కీలు అన్నీ పుట్టించిన థ్రెడ్ క్యూలోకే వెళ్తాయి. ఇది పొలం పాసుపుస్తకం లాంటిది. పేరు పక్కాగా ఉంటుంది. కానీ మన డెల్టాలో పాసుపుస్తకంలో పేరున్న ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు, చేలో దిగేది కౌలుదారు. విండోల సంగతీ అచ్చం ఇంతే. రికార్డులో ఒక ప్రాసెస్ పేరు ఉంటుంది, దాన్ని తెర మీదికి రప్పించింది వేరే ప్రాసెస్ అవుతుంది. అందుకే రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఎవరి పేర ఉంది? ఎవరి కోసం వచ్చింది? మొదటిదానికి జవాబు ఐదు సెకన్ల పని. రెండోదాని దగ్గరే బుర్ర పెట్టాలి.

గురి గుర్తు

ఐదు సెకన్ల పనికి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌ని మించింది లేదు. సిస్‌ఇంటర్నల్స్ టూల్సులో ఇదొకటి. మార్క్ రస్సినోవిచ్ వాళ్లు మొదలుపెట్టిన ఆ సంస్థని 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, అప్పట్నుంచి మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతోంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనండి. అడ్మిన్‌గా నడపకపోతే విండో యజమాని పేరైతే తెలుస్తుంది గానీ, పెద్ద హక్కులతో నడిచే ప్రాసెస్‌ల కమాండ్ లైను (ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టిన పూర్తి ఆదేశం), ఫోల్డరు కనబడవు. మనకి కావలసింది అవే.

టూల్‌బార్ మీద బైనాక్యులర్స్ బొమ్మ పక్కన తుపాకీ గురి లాంటి గుండ్రటి గుర్తు ఉంటుంది. దాన్ని క్లిక్ చేసి వదిలేస్తే ఏమీ జరగదు. మౌస్ బటన్ నొక్కి పట్టుకునే లాగాలి. లాగడం మొదలెట్టగానే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తనంతట తాను వెనక్కి తప్పుకుంటుంది. గుర్తుని అనుమానం ఉన్న విండో మీద పెట్టి అక్కడ బటన్ వదిలితే, జాబితాలో ఆ ప్రాసెస్ వరస మీద రంగు పడుతుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఇమేజ్ ట్యాబ్ వస్తుంది. అందులో నాలుగు చూడాలి: ఫైలు ఉన్న దారి, కమాండ్ లైను, పేరెంట్ (దాన్ని మొదలుపెట్టిన ప్రాసెస్) పేరు, మొదలైన టైము. అదే పేజీలో వెరిఫై బటన్ ఉంది, నొక్కితే ఫైలు మీద కంపెనీ డిజిటల్ సంతకం సరైనదో కాదో చెబుతుంది. ఆటోస్టార్ట్ లొకేషన్ అనే గడి నిండి ఉంటే, కంప్యూటర్ ఆన్ చేయగానే అది ఎక్కణ్నుంచి లేస్తోందో కూడా అక్కడే దొరుకుతుంది.

ఈ గురి గుర్తుకి ఒక గుణం ఉంది, చాలామంది గమనించరు. మౌస్ క్లిక్కుని ఏ విండో పట్టుకుంటుందో గుర్తు కూడా దాన్నే పట్టుకుంటుంది. తెర మీద ఒక మూల ఎంత క్లిక్ చేసినా పని చేయదు, చూస్తే అక్కడ ఏమీ ఉండదు. అలాంటి చోట కంటికి కనబడని పారదర్శక విండో ఒకటి పైన పరుచుకుని ఉంటుంది, స్క్రీన్ రికార్డర్లు, రిమోట్ టూల్సు పెట్టేవి. ఆ ఖాళీ జాగా మీదే గుర్తు వదలండి, దొరికిపోతుంది.

టూల్ దింపుకునే వీలు లేని చోట టాస్క్ మేనేజర్‌తోనే సగం పని నడుస్తుంది. ప్రాసెసెస్ ట్యాబ్‌లో యాప్స్ కింద పేరు పక్క బాణం నొక్కితే దాని విండోల టైటిళ్లు విచ్చుకుంటాయి. ఆ యాప్ పేరు మీద రైట్ క్లిక్ చేసి గో టు డీటెయిల్స్ అంటే అసలు ప్రాసెస్ వరస దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ కాలమ్స్‌లో కమాండ్ లైన్ పెట్టుకోండి. ఇది ఒకసారి పెడితే ఉండిపోతుంది. కొత్త కంప్యూటర్ బిగించిన రోజే పెట్టేయమంటాను.

టైటిల్ చూసి ప్రాసెస్‌ని వెతికే అలవాటు మాత్రం మానుకోవాలి. టైటిల్ అంటే కొట్టు ముందు బోర్డు, ఎవరు ఏమైనా రాసుకోవచ్చు. ఒకే టైటిల్‌తో రెండు విండోలు ఉండొచ్చు, ఫైల్ పేరు మారితే టైటిల్ మారిపోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో టాస్క్‌లిస్ట్ అని కొట్టి స్లాష్ వి పెడితే టైటిళ్ల కాలమ్ వస్తుంది గానీ ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కటే చూపిస్తుంది. పవర్‌షెల్‌లో గెట్-ప్రాసెస్ చూపించే మెయిన్‌విండోటైటిల్ కూడా అంతే. మెయిన్ విండో అనేది విండోస్‌కి తెలిసిన విషయం కాదు. వేరే విండో ఓనర్‌గా లేకుండా కంటికి కనిపించే మొదటి పై విండోని ఆ టూల్ మెయిన్ అనుకుంటుంది, అదొక ఊహ.

పేరు ఒకరిది, పని ఇంకొకరిది

ఇక అసలు చిక్కుకి వద్దాం. గురి గుర్తు వదిలాక ఈ కింది పేర్లలో ఏదైనా వస్తే ఆగండి. అది ఆసామి పేరు, కౌలుదారు వేరే ఉన్నాడు.

మొదటిది అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్. విండోస్ 10తో, అంటే 2015లో వచ్చింది. స్టోర్ యాప్స్‌లో చాలావాటికి బయటి చట్రం, టైటిల్ బార్ దీని పేర ఉంటాయి, లోపలి గుజ్జు మాత్రం అసలు యాప్ ప్రాసెస్‌ది. సెట్టింగ్స్, క్యాలిక్యులేటర్ రెండూ తెరిచి ఉంటే రెండు చట్రాలకీ ఈ ఒక్క ప్రాసెసే యజమానిగా కనబడుతుంది. దీన్ని చంపితే రెండు చట్రాలూ ఒకేసారి పోతాయి. గుర్తుని టైటిల్ బార్ మీద కాకుండా విండో నడిమధ్యలో వదిలితే లోపలి అసలు యాప్ దొరికే అవకాశం ఎక్కువ. విండో మినిమైజ్ అయి ఉన్నప్పుడు లోపలి ముక్క చట్రం నుంచి విడిపోయి ఉంటుంది, కాబట్టి ముందు పైకి తెచ్చి అప్పుడు వెతకాలి.

రెండోది ఎంఎస్ఎడ్జ్‌వెబ్‌వ్యూ2. ఈమధ్య వచ్చే యాప్స్ లోపల వెబ్ పేజీనే పెట్టుకుంటున్నాయి, ఆ పేజీని గీసేది ఇదే. టాస్క్ మేనేజర్‌లో ఇది పది పదిహేను వరసలు కనబడితే కుర్రాళ్లు వైరస్ అని కంగారు పడతారు. కంగారేం వద్దు. కమాండ్ లైన్‌లో వెబ్‌వ్యూ-ఎక్స్ఈ-నేమ్ అనే మాట కోసం చూడండి, దాని పక్కన పెంచుకుంటున్న యాప్ పేరు రాసి ఉంటుంది. ఇది నిజంగా మంచి ఏర్పాటు, కౌలు పత్రం జేబులో పెట్టుకుని తిరిగినట్టు.

మూడోది డీడబ్ల్యూఎం. ఏదైనా ప్రోగ్రామ్ ఐదు సెకన్లపాటు తన మెసేజీలు చూసుకోకపోతే, విండోస్ దాన్ని హ్యాంగ్ అయిందని లెక్కేస్తుంది. దాని విండోని దాచేసి, అదే బొమ్మతో తెల్లబారిన నకిలీ విండోని అదే చోట పెడుతుంది. టైటిల్ పక్కన నాట్ రెస్పాండింగ్ అని కనిపించేది ఈ నకిలీయే. దాన్ని గోస్ట్ విండో అంటారు, అది తెరని కూర్చే డీడబ్ల్యూఎం పేర ఉంటుంది. పెద్ద ఆల్బమ్ ఫైలు సేవ్ అవుతుండగా ఫోటోషాప్ తెల్లబడిందని గుర్తుతో పట్టుకుంటే డీడబ్ల్యూఎం అని రావచ్చు. దాన్ని ఎండ్ టాస్క్ కొడితే తెర మొత్తం ఒక్కసారి నల్లబడుతుంది, అసలు రోగికి మందు మాత్రం పడదు. టైటిల్‌లో ఉన్న ప్రోగ్రామ్ పేరునే డీటెయిల్స్‌లో వెతకాలి. హార్డ్ డిస్క్ లైటు వెలుగుతుంటే, ఆ ప్రాసెస్ డిస్క్ రాతలు కదులుతుంటే చంపకుండా ఓపిక పట్టండి. నాట్ రెస్పాండింగ్ అంటే చచ్చిందని కాదు, పలకట్లేదని మాత్రమే.

ప్రోగ్రామ్ ఆగిపోయిందని చెప్పే పెట్టె వెర్‌ఫాల్ట్‌ది. దాని కమాండ్ లైన్‌లో మైనస్ పి తర్వాత ఉండే అంకె, కూలిపోయిన ప్రాసెస్ నంబరు. డీఎల్ఎల్ దొరకలేదనో అప్లికేషన్ ఎర్రర్ అనో వచ్చే పాతకాలపు పెట్టెలు సీఎస్ఆర్ఎస్ఎస్ పేర రావచ్చు. అది విండోస్ గుండెకాయ, దాని జోలికి పోవద్దు. ఆ పెట్టెలకి టైటిల్‌లోనే ప్రోగ్రామ్ ఫైలు పేరు ఉంటుంది, టైటిల్ నమ్మదగిన అరుదైన చోటు ఇది.

డీటీపీ షాపుల వాళ్లు గుర్తు పెట్టుకోవలసింది ఎస్‌పీఎల్‌వావ్64. పేజ్‌మేకర్ లాంటి 32 బిట్ ప్రోగ్రామ్, 64 బిట్ విండోస్ మీద ప్రింట్ ఇచ్చినప్పుడు, ప్రింటర్ డ్రైవర్ 64 బిట్‌ది కాబట్టి ఇద్దరికీ మధ్య ఇది కూర్చుంటుంది. డ్రైవర్ చూపించే విండోలు దీని పేర వస్తాయి. వేరే ప్రాసెస్ విండో కావడంతో అది ఒక్కోసారి పేజ్‌మేకర్ వెనక్కి జారిపోతుంది. అప్పుడు పేజ్‌మేకర్ ఎక్కడ క్లిక్ చేసినా టంగ్ మని మోగుతుంది తప్ప కదలదు. హ్యాంగ్ అయిందని చంపేస్తే సేవ్ చేయని పత్రిక పోయినట్టే. చంపే ముందు ఆల్ట్ ట్యాబ్ కొట్టి చూడండి. అక్కడ కనబడకపోతే పేజ్‌మేకర్‌ని మినిమైజ్ చేయండి, వెనకనున్న పెట్టె బయటపడుతుంది.

లెక్కలు క్లౌడ్‌లో పెట్టుకున్న ఆడిటర్ ఆఫీసుల్లో ఇంకో వింత. ట్యాలీ విండో టాస్క్‌బార్ మీద మామూలుగానే ఉంటుంది, ఐకాన్ కూడా ట్యాలీదే. గుర్తు వదిలితే ఎంఎస్‌టీఎస్‌సీ అని వస్తుంది, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. అంటే ట్యాలీ రిమోట్‌యాప్‌గా, వేరే సర్వర్ మీద నడుస్తోంది, అసలు ట్యాలీ ప్రాసెస్ మీ కంప్యూటర్లో లేనే లేదు. ఇక్కడ చంపితే తెగేది తాడు, పడవ అవతలి రేవులోనే ఉంటుంది. సర్వర్‌లో సెషన్ అలా వేలాడుతూ ఉండి, మళ్లీ లాగిన్ అయినప్పుడు అదే కంపెనీ ఫైలు ముందుకొస్తుంది. అక్కడ ఆగిపోయిన ట్యాలీని ఆ సర్వర్ చూసుకునేవాళ్లే ముగించాలి.

క్రోమ్ గురించి. ఎన్ని విండోలు తెరిచినా, ఎన్ని ప్రొఫైళ్లు పెట్టినా, ఒకే డేటా ఫోల్డరు వాడుతున్నంతవరకు విండోలన్నీ ఒకే బ్రౌజర్ ప్రాసెస్ పేర ఉంటాయి. మిగతా పాతిక క్రోమ్ వరసలు ట్యాబులు, ఎక్స్‌టెన్షన్లు, గ్రాఫిక్స్ పనివాళ్లు. కమాండ్ లైన్‌లో టైప్ ఈక్వల్స్ అనే ముక్క లేనిదే పెద్దది, దాన్ని చంపితే కస్టమర్ సగం నింపిన దరఖాస్తుతో సహా అన్నీ పోతాయి. ఏ ట్యాబ్ బరువో తెలియాలంటే క్రోమ్ విండోలోనే షిఫ్ట్ ఎస్కేప్ కొట్టండి, దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఎడ్జ్‌లోనూ ఇదే.

కుడివైపు కింద మూలలో వచ్చే మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది అనే పాప్-అప్‌ల సంగతి వేరు. ఇంటర్నెట్ సెంటర్లలో ఇది రోజూ చూసే బెడద. గుర్తు వదిలితే షెల్‌ఎక్స్‌పీరియన్స్‌హోస్ట్ అని వస్తుంది, విండోస్ సొంత ప్రాసెస్. దాన్ని చంపినా మళ్లీ లేస్తుంది, యాంటీవైరస్‌తో వెతికినా ఏమీ దొరకదు. ఎవరో కస్టమర్ ఏదో సైట్‌లో అలౌ నొక్కేసి వెళ్లిపోయాడు, ఆ సైటు బ్రౌజర్ ద్వారా నోటిఫికేషన్ పంపుతోంది. ఆ పెట్టెలోనే బ్రౌజర్ పేరు, సైటు అడ్రసు సన్నని అక్షరాల్లో ఉంటాయి. అది చదివి బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ అడ్రసు తీసేయండి. అక్కడే సైట్లేవీ నోటిఫికేషన్ అడగకుండా కట్టేస్తే మళ్లీ రాదు. సెంటర్ కంప్యూటర్లలో ఇది తప్పకుండా చేయవలసిన పని.

జావాడబ్ల్యూ, రన్‌డీఎల్ఎల్32, డబ్ల్యూస్క్రిప్ట్, ఎంఎస్‌హెచ్‌టీఏ, పైథాన్ అని వస్తే అవి బండ్లు మాత్రమే, సరుకు పేరు కమాండ్ లైన్‌లో ఉంటుంది. డిజిటల్ సంతకం టూల్సు కొన్ని జావాలో రాసినవే కాబట్టి వాటి విండోలు జావాడబ్ల్యూ పేరనే వస్తాయి, పక్కనున్న జార్ ఫైలు పేరు చూసి గుర్తుపట్టాలి. డబ్ల్యూస్క్రిప్ట్ పక్కన టెంప్ ఫోల్డర్లోనో యాప్‌డేటాలోనో ఉన్న ఫైలు కనిపిస్తే మాత్రం అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు, ఆ కంప్యూటర్లో బ్యాంకు పనులు అక్కడితో ఆపేయండి.

అడ్మిన్ అనుమతి అడిగే యూఏసీ పెట్టె మీదికి గుర్తు లాగలేరు. తెర మసకబారినప్పుడు అది వేరే డెస్క్‌టాప్ మీద ఉంటుంది, మన టూల్సు అక్కడికి పోలేవు. దాని ప్రాసెస్ కన్సెంట్. ఏ ప్రోగ్రామ్ అడుగుతోందో ఆ పెట్టెలోనే షో మోర్ డీటెయిల్స్ నొక్కితే దారితో సహా చూపిస్తుంది.

నల్ల విండో

కన్సోల్ విండోల (కమాండ్లు నడిచే నల్ల విండోల) రికార్డు మాత్రం విండోస్ కావాలనే తప్పు చెబుతుంది. విండోస్ 7 నుంచి నల్ల విండోని గీసేది కాన్‌హోస్ట్, అంతకు ముందు సీఎస్ఆర్ఎస్ఎస్. కానీ ఆ విండో ఎవరిదని అడిగితే విండోస్ కాన్‌హోస్ట్ పేరు చెప్పదు, లోపల నడుస్తున్న కమాండ్ ప్రోగ్రామ్ నంబరు చెబుతుంది. పాత ప్రోగ్రాములు దెబ్బతినకూడదని పెట్టిన మర్యాద అది, మనకి అనుకూలమే. విండోస్ 11లో 22హెచ్2 అనే వెర్షన్ నుంచి విండోస్ టెర్మినల్ ముందుకొచ్చింది, దాంతో ఆ మర్యాద పోయింది. విండో విండోస్‌టెర్మినల్ పేర ఉంటుంది, లోపలి ట్యాబుల్లో ఏ కమాండ్ నడుస్తోందో విండో రికార్డు చెప్పదు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ చెట్టులో వెతుక్కోవాలి.

కాటా గదిలోలా మెరిసి మాయమయ్యే నల్ల విండోని గురి గుర్తుతో పట్టడం అయ్యే పని కాదు. అక్కడికి ప్రాసెస్ మానిటర్ తెచ్చుకోవాలి, ఇది కూడా సిస్‌ఇంటర్నల్స్‌దే. తెరవగానే లక్షల వరసలు పారుతుంటాయి, భయపడక్కర్లేదు. ఫిల్టర్‌లో ఆపరేషన్, ఈజ్, ప్రాసెస్ క్రియేట్, ఇంక్లూడ్ అని పెట్టి యాడ్ నొక్కండి. ఆ తర్వాత ఫిల్టర్ మెనూలోనే డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్ టిక్ చేయండి. ఈ టిక్ మరిచిపోతే మీకు కనబడని వరసలన్నీ వెనక పోగుపడి, 4 జీబీ ర్యామ్ ఉన్న కాటా కంప్యూటర్ కొంతసేపటికి కూలబడవచ్చు. అలా వదిలేసి పని చేసుకోమనండి. విండో మెరిసినప్పుడు గుమస్తా చేయవలసింది ఒక్కటే, గోడ గడియారం కాకుండా కంప్యూటర్ గడియారంలో టైము చీటీ మీద రాసుకోవడం.

తర్వాత ఆ నిమిషం దగ్గర వరసలు చూడండి. ఇక్కడ అందరూ ఒకచోట తడబడతారు: ప్రాసెస్ నేమ్ కాలమ్‌లో ఉండేది పుట్టించిన తల్లి పేరు. పుట్టిన బిడ్డ నంబరు, కమాండ్ లైను కుడివైపు డీటెయిల్ కాలమ్‌లో ఉంటాయి. టూల్స్ మెనూలో ప్రాసెస్ ట్రీ తెరిస్తే, ఇప్పటికే ముగిసిపోయిన ప్రాసెస్‌లు కూడా కొమ్మల్లో తమ చోట తాము కనబడతాయి.

తల్లి ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ సర్వీసులు నడిపే ప్రాసెస్) అయి, దాని కమాండ్ లైన్ చివర షెడ్యూల్ అని ఉంటే, దొంగ టాస్క్ షెడ్యూలర్‌లో ఉన్నాడు. అక్కడ వ్యూ మెనూలో షో హిడెన్ టాస్క్స్ పెట్టి, లాస్ట్ రన్ టైమ్ కాలమ్‌ని చీటీ మీది టైముతో సరిపోల్చండి. యాక్షన్స్ ట్యాబ్‌లో అదే కమాండ్ కనబడుతుంది. ఇలాంటి చోట దొరికేది చాలాసార్లు వైరస్ కాదు, ప్రింటర్‌తోనో స్కానర్‌తోనో వచ్చిన అప్‌డేటర్, లేదా ఎవరో పెట్టి మరిచిపోయిన బ్యాకప్ బ్యాచ్ ఫైలు. అక్కర్లేనిదైతే డిసేబుల్ చేయండి, డిలీట్ వద్దు. బ్యాకప్ అయితే ఉంచాలి కదా. జనరల్ ట్యాబ్‌లో రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్ అన్నది ఎంచుకుంటే అది సెషన్ 0లో, అంటే విండోస్ సర్వీసులు నడిచే వేరే సెషన్‌లో, నడుస్తుంది. విస్టా కాలం నుంచి సెషన్ 0 విండోలు మన తెర మీదికి రావు, కాబట్టి మెరుపు ఆగిపోతుంది, కీలు ఎవరూ లాక్కోరు. అయితే ఒక జాగ్రత్త: మీరు జడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ ఫోల్డరు అక్కడ కనబడదు. బ్యాచ్ ఫైలులో డ్రైవ్ అక్షరం తీసేసి, రెండు వెనక గీతలతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాయాలి. ఇది మార్చకుండా వదిలితే బ్యాకప్ ఆగిపోయిన సంగతి డిస్క్ పోయిన రోజుగానీ తెలియదు.

విండో పోయింది, ప్రాసెస్ పోలేదు

తిరగేసిన సమస్య కూడా కాటా గదిలోనే ఎక్కువ. కాటా సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిస్తే తూకం సున్నా దగ్గరే ఉంటుంది, లేదా పోర్ట్ (ఇండికేటర్ కేబుల్ గుచ్చే చోటు) తెరవలేకపోయాం అంటుంది. ఇండికేటర్ మీద బరువు బాగానే వెలుగుతుంటుంది. కేబుల్ పీకి గుచ్చుతారు, యూఎస్‌బీ కన్వర్టర్ మారుస్తారు. అసలు జరిగింది వేరు: విండో మూతపడింది గానీ లోపల పోర్ట్ చదివే థ్రెడ్ ఇంకా నడుస్తూ ప్రాసెస్‌ని బతికించి ఉంచింది. సీరియల్ పోర్ట్ ఒకసారికి ఒక్కరికే, పాతవాడు వదిలేదాకా కొత్తవాడికి దక్కదు. విండో లేదు కాబట్టి టాస్క్ మేనేజర్‌లో యాప్స్ కింద కనబడడు, బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెసెస్‌లోకి దిగిపోయి ఉంటాడు.

పోర్ట్ ఎవరి చేతిలో ఉందో ఖాయం చేసుకోవాలంటే, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) లోకల్ మెషీన్ కింద హార్డ్‌వేర్, డివైస్‌మ్యాప్, సీరియల్‌కామ్ తెరవండి. కామ్ 3 లాంటి పేరుకి ఎదురుగా డివైస్ అసలు పేరు ఉంటుంది, కన్వర్టర్ చిప్‌ని బట్టి వీసీపీ0 అనో సీరియల్0 అనో. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో కంట్రోల్ ఎఫ్ కొట్టి ఆ పేరు వెతికితే పట్టుకుని కూర్చున్న ప్రాసెస్ బయటపడుతుంది. దాన్ని నిర్భయంగా చంపవచ్చు. రోజూ ఇదే జరుగుతుంటే తప్పు ప్రోగ్రామ్ రాసినవాళ్లది, మూసేటప్పుడు పోర్ట్ చదివే థ్రెడ్‌ని కూడా ఆపమని చెప్పాలి.

ప్రోగ్రామ్ రాసేవాళ్లకి

మౌస్ కింద ఉన్న విండోతో మొదలెట్టి విండోఫ్రమ్‌పాయింట్, గెట్‌యాన్సెస్టర్‌తో పై విండో, గెట్‌విండోథ్రెడ్‌ప్రాసెస్‌ఐడీతో ప్రాసెస్ నంబరు తీసుకోండి. లోపలి విండో, పై విండో రెండింటి నంబర్లూ తీసుకుని పోల్చండి, తేడా ఉంటే అక్కడ ఇద్దరున్నట్టే. ప్రాసెస్ తెరిచేటప్పుడు క్వెరీ లిమిటెడ్ ఇన్ఫర్మేషన్ హక్కు ఒక్కటే అడిగి, క్వెరీఫుల్‌ప్రాసెస్‌ఇమేజ్‌నేమ్‌తో దారి తీసుకోండి. గెట్‌మాడ్యూల్‌ఫైల్‌నేమ్‌ఈఎక్స్ వాడితే మీ టూల్ 32 బిట్ అయినప్పుడు 64 బిట్ ప్రాసెస్‌ల దగ్గర చేతులెత్తేస్తుంది.

నంబరుని ఎక్కువసేపు నమ్మకండి. ప్రాసెస్ ముగిశాక అదే నంబరు ఇంకొకరికి వెళ్తుంది, విండో హ్యాండిళ్లు కూడా అంతే. నంబరుతోపాటు ప్రాసెస్ పుట్టిన టైముని జతచేసి దాచుకోవాలి. పేరెంట్ నంబరుకీ ఇదే గతి: తల్లి చనిపోయినా బిడ్డ దగ్గర ఆ నంబరు అలాగే ఉంటుంది, అది వేరేవాళ్లకి వచ్చి ఉండొచ్చు. తల్లి అనుకున్న ప్రాసెస్ బిడ్డకంటే తర్వాత పుట్టి ఉంటే అది తల్లి కాదు.

ఒక ప్రోగ్రామ్‌ని మీరే మొదలుపెట్టి దాని విండో కోసం ఎదురుచూసేటప్పుడు, చేతికొచ్చిన నంబరుతో విండో రాకపోవచ్చు. క్రోమ్ ముందే తెరిచి ఉంటే కొత్తగా లేచినది పనిని పాతదానికి అప్పగించి వెళ్లిపోతుంది. కీబోర్డ్ ఫోకస్ లాక్కునేవాళ్లని పట్టాలంటే సెట్‌విన్‌ఈవెంట్‌హుక్‌తో ఫోర్‌గ్రౌండ్ మార్పులు వినండి. అవుట్ ఆఫ్ కాంటెక్స్ట్‌గా పెడితే మీ థ్రెడ్‌లో మెసేజ్ లూప్ ఉండి తీరాలి, లేకపోతే ఒక్క కబురూ రాదు, తప్పు ఎక్కడుందో అర్థం కాక ఒక పూట పోతుంది.

లైనక్స్‌లో తెరని నడిపే ఎక్స్11 సర్వర్ మీద ఎక్స్‌ప్రాప్ కొట్టి విండో మీద క్లిక్ చేస్తే నెట్ డబ్ల్యూఎం పీఐడీ అనే గుణం చూపిస్తుంది. అది ప్రోగ్రామ్ తన గురించి తాను రాసుకున్న మాట, సర్వర్ తనిఖీ చేసింది కాదు. ఫ్లాట్‌ప్యాక్ లాంటి గూటిలో నడిచే యాప్ తన గూటి లోపలి నంబరు రాస్తుంది, బయట ఆ నంబరుకి ఇంకెవరో ఉంటారు. ఖాయమైన జవాబు కావాలంటే ఎక్స్-రిసోర్స్ ఎక్స్‌టెన్షన్ ద్వారా సర్వర్‌నే అడగాలి. వేలాండ్‌లో ఒక యాప్ ఇంకో యాప్ విండోలు చూడలేదు కాబట్టి ఆ ప్రశ్న విండోలన్నీ తెర మీద కూర్చే కంపోజిటర్‌కే వేయాలి. స్వే అనే కంపోజిటర్ అయితే స్వేఎంఎస్‌జీతో చెట్టు అడిగితే ప్రతి విండో పక్కనా నంబరు ఇస్తుంది.

చివరిగా, రిపేరు చేసేవాళ్లకి వాట్సాప్‌లో ఫోటో పంపేటప్పుడు విండో ఒక్కదాన్నే తీసి పంపకండి, దాంతో ఎవరూ ఏమీ చెప్పలేరు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇమేజ్ ట్యాబ్ తెరిచి దారి, కమాండ్ లైను, పేరెంట్, మొదలైన టైము పడేలా తీయండి. కమాండ్ లైన్‌లో కొన్నిసార్లు డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా తెరిచినట్టే ఉంటుంది. ఫోటో పంపే ముందు ఆ ముక్క చెరిపేయండి.